దృఢకాయులైన యువకులలో అంగస్తంభన సమస్య: కారణాలు, అపోహలు, చికిత్స

కండలు తిరిగిన దేహం గల యువకునికి దాంపత్య జీవితంలో ఏ లోటూ ఉండదన్న నమ్మకం లోకంలో పాతుకొని ఉంది. పొలంలో దుక్కి దున్నేవాడు, బల్లార్‌పూర్ ప్రాంతపు బొగ్గుగనులలో షిఫ్టు చేసేవాడు, తెల్లవారుజామునే లేచి పోలీసు భర్తీ కొరకు పరుగు సాధన చేసేవాడు, ఇటువంటివారికి అంగస్తంభన సమస్య ఎదురైతే ఎవరితోనూ చెప్పుకోలేరు. ‘ఇంత బలముండీ ఇదేమిటి’ అన్న సిగ్గు నోరు నొక్కివేస్తుంది. ఆ మౌనంలో కొందరు వేలకు వేలు పోసి బూటకపు మందులు కొంటారు. కొందరు కుదిరిన పెండ్లిని ఏదో ఒక నెపంతో వాయిదా వేస్తారు. కొన్ని ఇండ్లలో పిల్లలు కలుగలేదన్న నింద ఏ తప్పూ ఎరుగని కోడలి మీద పడుతుంది.

ఈ వయసులో వచ్చే అంగస్తంభన సమస్యలో అధికభాగం నయమయ్యేదే. మిగిలిన సందర్భాలలో అది లోపల దాగి ఉన్న మరొక వ్యాధికి ముందస్తు హెచ్చరిక. ఏది ఎవరి విషయంలో నిజమో తేల్చగలిగినది వైద్య పరీక్ష మాత్రమే. కండబలం, మగతనం, పరువు అనే మాటలతో దానిని తేల్చలేము.

సమస్య అంటే ఏమిటి?

దాంపత్యానికి చాలినంతగా అంగం గట్టిపడకపోవడం, లేదా గట్టిపడినా ఆ స్థితి నిలువకపోవడం అంగస్తంభన లోపం. అలసినప్పుడో, మద్యం సేవించినప్పుడో, దిగులులో ఉన్నప్పుడో ఒకటి రెండు సార్లు ఇట్లా జరగడం ఏ పురుషునికైనా సహజం. దానిని వ్యాధిగా పరిగణించరు. సుమారు మూడు నెలల పాటు తరచుగా ఇదే జరుగుతూ ఉంటే వైద్యుని సంప్రదించాలి.

పూర్వం దీనిని నపుంసకత్వమని పిలిచేవారు. ఆ మాట మనిషిని కించపరచడమే గాక, శీఘ్రస్ఖలనం, సంతానలేమి, కోరిక తగ్గడం వంటి వేర్వేరు సమస్యలను ఒకే గాటన కట్టివేస్తుంది. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిర్వహించిన నిపుణుల సదస్సు ఆ మాటను విడిచి ‘అంగస్తంభన లోపం’ అన్న పేరును వాడవలసిందిగా సూచించింది. అంగస్తంభన సమస్య ఉన్నవానికి వీర్యకణాలు సక్రమంగా ఉండవచ్చు. అంగస్తంభనలో ఏ లోపమూ లేనివానికి వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు. ఈ రెండింటినీ ముడిపెట్టరాదు.

ఇది వృద్ధులకు మాత్రమే వచ్చే సమస్య కాదు. ఇటలీలోని మిలాన్ నగర వైద్యులు 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఈ సమస్యతో తొలిసారి తమ ఆసుపత్రికి వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరు 40 ఏండ్లలోపువారే.

బలమైన దేహానికి ఇది ఎందుకు వస్తుంది?

పురుషాంగంలో ఎముక లేదు. చేతికీ తొడకూ ఉన్నటువంటి, మన ఇష్టప్రకారం కదిలించగల కండరం మీద అంగస్తంభన ఆధారపడి ఉండదు. అంగం లోపల స్పాంజి వంటి రెండు గొట్టాలు ఉంటాయి. మనసులో కోరిక కలిగినప్పుడు మెదడు నుండి వెన్నుపాము ద్వారా నరాలకు సంకేతం అందుతుంది. ఆ నరాల కొసల యందు, రక్తనాళాల గోడల యందు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాని ప్రభావంతో నాళాల గోడలలోని మృదుకండరం సడలి, రక్తం వేగంగా ప్రవేశించి ఆ స్పాంజిని నింపుతుంది. నిండిన ఒత్తిడికి రక్తం వెలుపలికి పోయే సిరలు నొక్కుకుపోతాయి. అప్పుడు అంగం గట్టిపడి నిలుస్తుంది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

అంటే అంగస్తంభనకు కావలసినది సడలింపు. భయం, తొందర, పరీక్షలో నిలబడినట్టి ఆందోళన కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలై నాళాలను బిగిస్తుంది. పరుగు పందెంలో గెలిపించే ఆ రసాయనమే పడకగదిలో ఓడిస్తుంది. బరువులెత్తే పట్టుదలతో దీనిని సాధించాలనుకున్న కొద్దీ మరింత జారిపోవడానికి కారణం ఇదే.

కారణం మనసులోనా, శరీరంలోనా?

ఆరోగ్యవంతుడైన పురుషునికి నిద్రలో, కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుండి ఐదు మార్లు దానంతట అదే అంగస్తంభన జరుగుతుంది. తెల్లవారి మెలకువ వచ్చినప్పుడు కనిపించేది వాటిలో చివరిది. వైద్యుడు అడిగే తొలి ప్రశ్నలలో ఇది ఒకటి.

ఉదయం అంగస్తంభన మునుపటివలెనే ఉండి, భార్య వద్ద మాత్రమే విఫలమవుతూ ఉంటే, సమస్య అకస్మాత్తుగా ఒకనాడు మొదలై ఉంటే, కారణం ఎక్కువగా ఆందోళన, దిగులు, దంపతుల మధ్య ఎడబాటు అయి ఉంటుంది. ఉదయం స్తంభన కూడా క్రమక్రమంగా తగ్గిపోయి నెలల తరబడి కనిపించకపోతే రక్తనాళాలు, నరాలు, హార్మోన్లలో లోపం ఉందేమో పరీక్షించాలి. చాలామందిలో రెండు కారణాలూ కలిసే ఉంటాయి. శరీరంలో కొద్దిపాటి లోపంతో మొదలైనది భయంతో పెద్దదవుతుంది.

కొత్త దంపతుల తొలి రాత్రులు

సరిహద్దు గ్రామాలలో పెండ్లి అంటే ఇంటినిండా బంధువులు. రెండు మూడు రోజులు వరునికి నిద్ర ఉండదు, వేళకు భోజనం ఉండదు. శోభనపు గది గోడకు అవతల పదిమంది ఉంటారు. తెల్లవారగానే స్నేహితుల పరిహాసాలు, వదినల ప్రశ్నలు. వధువుతో అంతకు ముందు నాలుగు మాటలు మాట్లాడి ఉండకపోవచ్చు. ఈ స్థితిలో తొలి రాత్రి విఫలమైతే ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

ప్రమాదం మరునాడు మొదలవుతుంది. ‘ఈ రాత్రి కూడా ఇట్లాగే అయితే’ అన్న భయంతో యువకుడు తన శరీరాన్ని తానే దూరం నుండి పరిశీలించే కాపలాదారుగా మారతాడు. అప్పుడు కోరిక వెనుకబడి భయం ముందుకు వస్తుంది. రెండవ వైఫల్యం మూడవదానికి కారణమవుతుంది. ఈ వలయాన్ని తెంచడానికి మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు 1970లో ఒక పద్ధతిని వివరించారు. దంపతులు ఇద్దరూ మాట్లాడుకొని, కొన్ని వారాల పాటు సంభోగాన్ని ప్రయత్నించకూడదని నిర్ణయించుకుంటారు. ఆ రోజులలో మాటలు, స్పర్శ, సాన్నిహిత్యం మాత్రమే ఉంటాయి. గెలవవలసిన పరీక్ష తొలగిపోవడంతో భయం తగ్గి శరీరం తన పని తాను చేస్తుంది. మానసిక వైద్యులు, సలహాదారులు నేటికీ ఈ పద్ధతిని ఉపయోగిస్తున్నారు.

కసరత్తు, శ్రమ, నిద్ర

మితమైన వ్యాయామం ఈ సమస్యకు మంచి ఔషధం. వారానికి నాలుగు దినాలు, దినానికి 40 నిమిషాల చొప్పున చురుకైన వ్యాయామం ఆరు నెలల పాటు చేసిన పురుషులలో అంగస్తంభన మెరుగుపడినట్లు 2018లో ప్రచురితమైన ఒక సమీక్ష తెలిపింది. అయితే నాలుగు విషయాలలో యువకులు జాగ్రత్త వహించాలి.

మొదటిది, విశ్రాంతి లేని సాధన. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. దాని కొరకు ఉదయం సాయంత్రం పరుగెత్తుతూ, చాలినంత తిండి తినక, ఆరు గంటలైనా నిద్రపోని యువకులు పల్లెపల్లెనా కనిపిస్తారు. తిండికీ విశ్రాంతికీ మించిన సాధన దీర్ఘకాలం సాగితే పురుష హార్మోను టెస్టోస్టెరాన్ తగ్గి కోరిక సన్నగిల్లవచ్చు. వారానికి ఒకటి రెండు దినాలు విశ్రాంతి, కడుపునిండా పప్పు, అన్నం, గుడ్డు, పాలు ఉంటే ఇది చక్కబడుతుంది.

రెండవది, నిద్రలేమి. 2011లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను ఒక వారం పాటు రాత్రికి ఐదు గంటలు మాత్రమే నిద్రపోనిచ్చారు. వారి పగటి టెస్టోస్టెరాన్ 10 నుండి 15 శాతం తగ్గింది. గనులలో, విద్యుత్ కేంద్రంలో, సిమెంటు కర్మాగారాలలో రాత్రి షిఫ్టు చేసేవారు పగటిపూట చీకటి గదిలో ఏడు గంటల నిద్రను తమ హక్కుగా భావించాలి. ఇంటివారు కూడా ఆ నిద్రను చెడగొట్టరాదు.

మూడవది, వ్యాయామశాలలలో చాటుగా దొరికే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు. ఇవి కండలను త్వరగా పెంచుతాయి. కాని వెలుపలి నుండి హార్మోను అందగానే మెదడు వృషణాలకు పంపే ఆజ్ఞను నిలిపివేస్తుంది. వృషణాలు చిన్నబోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఇంజెక్షన్ మానిన తరువాత సొంత హార్మోను మళ్లీ కోలుకోవడానికి నెలలు పడుతుంది. అప్పుడే అంగస్తంభన సమస్య బయటపడుతుంది. పైకి ఎంతో బలంగా కనిపించే యువకునిలో ఈ సమస్య ఉంటే వైద్యుడు ఈ ప్రశ్న తప్పక అడుగుతాడు. నిజం చెప్పడం అవసరం.

నాలుగవది, మర్మస్థానపు ఒత్తిడి, దెబ్బలు. సైకిలు తొక్కడం గుండెకు మంచిదే. కాని సన్నని గట్టి సీటు మీద గంటల తరబడి కూర్చున్నప్పుడు తిమ్మిరి కలిగితే అక్కడి నరాలు, నాళాలు నొక్కుకుంటున్నాయని అర్థం. సీటు ఎత్తును సరిచేయాలి, వెడల్పైన సీటు వాడాలి, నడుమ నడుమ దిగి నిలబడాలి. కబడ్డీ ఆటలోగాని, సైకిలు కడ్డీ మీద పడినప్పుడుగాని రెండు కాళ్ల నడుమ బలమైన దెబ్బ తగిలి తరువాత సమస్య మొదలైతే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. చితికిన ధమని కారణం కావచ్చు.

ఖర్రా, పొగాకు, మద్యం

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలలో పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిన ఖర్రా నమలడం చిన్న వయసులోనే అలవాటవుతోంది. నోటి క్యాన్సర్ సంగతి కొందరికైనా తెలుసు. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుందన్న సంగతి, బీడీ సిగరెట్ల పొగ వాటి లోపలి పొరను దెబ్బతీస్తుందన్న సంగతి తక్కువమందికి తెలుసు. అంగానికి రక్తం అందించే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే గనుక నష్టం మొదట అక్కడే కనబడుతుంది. పొగాకు మానదలచినవారు జాతీయ సహాయ కేంద్రపు ఉచిత సంఖ్య 1800112356కు ఫోను చేయవచ్చు.

చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన మద్యనిషేధం 2021లో తొలగింది. మద్యం బెరుకును పోగొడుతుందని పెండ్లికొడుకుకు స్నేహితులు తాగించడం కద్దు. మద్యం కోరికను రేపినట్లనిపించినా నరాల సంకేతాన్ని మందగింపజేసి స్తంభనను చెడగొడుతుంది. ఏండ్ల తరబడి తాగేవారిలో నరాలు, కాలేయం, హార్మోన్లు మూడూ దెబ్బతింటాయి.

సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు తెలుసుకోవలసినది

తూర్పు విదర్భలో సికిల్ సెల్ వ్యాధి అధికం. ఆదివాసీ కుటుంబాలతోపాటు ఇతర కులాలలోనూ ఇది ఉంది. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని నాళాలలో చిక్కుకుంటాయి. కీళ్ల నొప్పులు, రక్తహీనత అందరికీ తెలిసిన లక్షణాలు. బాలురు, యువకులు సిగ్గుతో దాచే లక్షణం మరొకటి ఉంది. కోరిక లేకుండానే అంగం గట్టిపడి, నొప్పితో గంటల తరబడి తగ్గకపోవడం. అంగంలోని రక్తం వెలుపలికి పోలేక నిలిచిపోవడం వలన ఇది జరుగుతుంది.

ఈ స్థితి నాలుగు గంటలు మించితే అది అత్యవసర పరిస్థితి. ప్రాణవాయువు అందక లోపలి స్పాంజి కణజాలం చచ్చి గట్టి మచ్చగా మారుతుంది. ఆపైన ఆ యువకునికి శాశ్వతంగా అంగస్తంభన లోపం మిగిలిపోవచ్చు. కనుక తెల్లవారేదాకా ఆగరాదు. నీరు ఎక్కువగా తాగించి, వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. కొద్దిసేపు వచ్చి తగ్గిపోయే నొప్పి స్తంభనలు మాటిమాటికీ వస్తున్నా వైద్యునికి చెప్పాలి. వాటిని నివారించే మందులు ఉన్నాయి. చంద్రపూర్ ఎండలలో నీరు తాగక పనిచేయడం సికిల్ సెల్ రోగికి చాలా ప్రమాదకరం. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో రక్తపరీక్ష ఉచితం. పెండ్లికి ముందే పరీక్ష చేయించుకోవడం పుట్టబోయే బిడ్డలకు కూడా మేలు.

దాగి ఉన్న ఇతర వ్యాధులు

మధుమేహం, అధిక రక్తపోటు, రక్తంలో కొవ్వు, థైరాయిడ్ లోపం, టెస్టోస్టెరాన్ తగ్గుదల, ప్రొలాక్టిన్ హార్మోను పెరుగుదల, వెన్నుపూస గాయం, ఇవన్నీ కారణాలు కాగలవు. సన్నగా చురుకుగా ఉన్నవానికి మధుమేహం రాదన్నది పొరపాటు. గుండె ధమనుల వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అంగపు ధమనులు అంతకంటె సన్ననివి కావడంతో గుండెజబ్బు లక్షణాలు కనిపించడానికి కొన్ని ఏండ్ల ముందే అంగస్తంభన లోపం కనిపించవచ్చు. ఇంట్లో తండ్రికిగాని అన్నకుగాని చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఈ హెచ్చరికను తేలికగా తీసుకోరాదు.

దిగులు వ్యాధికి, మానసిక రోగాలకు, రక్తపోటుకు వాడే కొన్ని మందుల వలన కూడా ఈ సమస్య రావచ్చు. అటువంటప్పుడు మందును సొంతంగా మానివేయరాదు. చెబితే వైద్యుడు మార్చి ఇస్తాడు.

అపోహలు – వాస్తవాలు

అపోహ: హస్తప్రయోగం వలన, స్వప్నస్ఖలనం వలన నరాలు చచ్చుబడి మగతనం పోతుంది.
వాస్తవం: దీనికి ఆధారం లేదు. వీర్యం నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ఒక్క చుక్క వీర్యానికి ఎన్నో చుక్కల రక్తం ఖర్చవుతుందన్నది కల్పన. ధాతువు పోతున్నదన్న భయంతోనే నీరసించిపోయే స్థితికి మనోవైద్యుడు ఎన్. ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇక్కడ హాని చేసేది భయమే.

అపోహ: పురుషులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేస్తే అంగస్తంభన పోతుంది.
వాస్తవం: ఆ చికిత్సలో వీర్యకణాలు వచ్చే నాళాన్ని మాత్రమే మూసివేస్తారు. స్తంభనకు సంబంధించిన నరాలను, రక్తనాళాలను, హార్మోన్లను అది తాకదు.

అపోహ: వరిబీజం ఉన్నవాడు సంసారానికి పనికిరాడు.
వాస్తవం: వృషణం చుట్టూ నీరు చేరడమే వరిబీజం. బోదకాలు ఉన్న ఈ ప్రాంతంలో ఇది సాధారణం. శస్త్రచికిత్సతో నయమవుతుంది.

గుడారపు వైద్యులు, గోడమీది ప్రకటనలు

సంతలలో, రైల్వేస్టేషన్ల వద్ద గుడారాలు వేసుకొని ‘రహస్య రోగాలకు’ మందులిచ్చేవారు మనిషి భయాన్ని అమ్ముకుంటారు. 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల చట్టం ప్రకారం లైంగిక శక్తిని పెంచుతామని, నపుంసకత్వాన్ని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడమే నేరం. గోడ మీద అటువంటి రాత కనిపిస్తే అది చట్టాన్ని మీరినదని గ్రహించాలి. మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడులలో సిల్డెనాఫిల్ వంటి అల్లోపతి మందును, స్టెరాయిడ్లను కలిపినట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలు అనేక దేశాలలో ఉన్నాయి. మోతాదు తెలియని మందు గుండెజబ్బు ఉన్నవానికి ప్రాణాంతకం కావచ్చు.

చికిత్స

వైద్యుడు మొదట వివరాలు అడిగి, శరీరాన్ని పరీక్షించి, రక్తపోటు చూస్తాడు. పరగడుపున చక్కెర, కొవ్వులు, ఉదయపు వేళ టెస్టోస్టెరాన్ పరీక్షలు సాధారణంగా సరిపోతాయి. తరువాత కారణాన్ని బట్టి చికిత్స. ఆందోళనకు సలహా, మధుమేహానికి మందు, పొగాకు మానడం, నిద్రను సరిచేసుకోవడం, ఇవే చాలామందికి చాలు.

1998లో అమెరికాలో ఆమోదం పొందిన సిల్డెనాఫిల్, తరువాత వచ్చిన టడలాఫిల్ భారతదేశంలో దొరుకుతాయి. ఇవి కోరికను పుట్టించవు. కోరిక కలిగినప్పుడు రక్తప్రవాహానికి సహాయపడతాయి. వైద్యుని చీటీ లేకుండా కొనరాదు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు వీటిని ఎట్టి పరిస్థితులలోనూ వేసుకోరాదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఏ లోపమూ లేని యువకుడు ‘బలం కొరకు’ వీటిని వేసుకుంటే మాత్ర లేనిదే జరగదన్న కొత్త భయం పట్టుకుంటుంది. రక్తపరీక్షలో తక్కువ అని తేలకుండా టెస్టోస్టెరాన్ తీసుకోవడం సంతానానికే ముప్పు.

ఎక్కడికి వెళ్లాలి? ఏమని చెప్పాలి?

ముందుగా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, రాజురా, గడ్‌చాందూర్ ప్రభుత్వ ఆసుపత్రులకు గాని వెళ్లవచ్చు. అక్కడి నుండి అవసరమైతే 2015లో ప్రారంభమైన చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతారు. తెలంగాణ వైపు ఆదిలాబాద్ రిమ్స్, మంచిర్యాల, ఆసిఫాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహారాష్ట్రలో 10 నుండి 19 ఏండ్ల వయసువారికి ‘మైత్రి’ క్లినిక్కులు ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవారు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోగాని మరాఠీలోగాని మాట్లాడవచ్చు.

తెలుగు ఇంట పెరిగినవారు మరాఠీ వైద్యుని ముందు మాట తోచక వెనుదిరగడం కద్దు. ‘లైంగిక సమస్య’ అన్న మాట రెండు భాషలలోనూ ఒక్కటే. ఆ రెండు మాటలు చాలు, మిగిలినది వైద్యుడే అడుగుతాడు. ‘మధుమేహ’ కూడా రెంటిలోనూ ఒక్కటే. రక్తపోటును మరాఠీలో ‘రక్తదాబ్’ అనీ, స్తంభనను ‘తాఠరతా’ అనీ అంటారు. నోట చెప్పలేనివారు చీటీ మీద రాసి ఇచ్చినా తప్పులేదు. రోగి చెప్పిన రహస్యాన్ని కాపాడటం వైద్యుని విధి.

ఇంటివారు చేయవలసినది

కొత్త దంపతులను తెల్లవారగానే ప్రశ్నించడం పెద్దలు మానుకోవాలి. వారికి తలుపు ఉన్న గది, కొంత ఏకాంతం, కొన్ని నెలల వ్యవధి ఇవ్వాలి. పిల్లలు ఆలస్యమైతే పరీక్ష ఇద్దరికీ చేయించాలి, ముందుగా కోడలిని మాత్రమే ఆసుపత్రుల చుట్టూ తిప్పడం అన్యాయం. భార్య తన అందమో ప్రేమో చాలలేదని కుమిలిపోనక్కరలేదు. ఎగతాళి చేయక, భర్తతో కలిసి వైద్యుని వద్దకు వెళితే చికిత్స త్వరగా ఫలిస్తుంది. ఈ విషయమై యువకుడు తీవ్రమైన నిరాశలో ఉన్నా, చావు మాటలు మాట్లాడినా ఒంటరిగా వదలక వెంటనే వైద్యసహాయం అందించాలి.

జ్వరం వచ్చిన పహిల్వానును చూసి ఊరు నవ్వదు, మందు ఇప్పిస్తుంది. ఈ సమస్యను కూడా అదే దృష్టితో చూసిన ఇంట్లో యువకుని ఆరోగ్యమూ, కోడలి గౌరవమూ రెండూ నిలుస్తాయి.